రోజూ నీళ్ళు పోస్తున్నా పీస్ లిలీ వాడిపోతోందా? ముందు నీళ్ళు ఆపండి

హాల్లో పీస్ లిలీ (తెల్ల పూలు పూసే ఇండోర్ మొక్క), మనీ ప్లాంట్ పెట్టాను, రోజూ పొద్దున్నే నీళ్ళు పోస్తున్నాను, అయినా ఆకులు పసుపు రంగుకి మారి వాలిపోతున్నాయి, నీళ్ళు ఇంకా పెంచాలా అని అడిగారు కదండీ. పెంచకండి. ఈ రోజే ఆపేయండి.

నేనూ సరిగ్గా ఇదే తప్పు చేశాను. మాది అనంతపురం. అక్కడ ఎండాకాలంలో వాకిట్లో మొక్కలకి రెండు పూటలా పోస్తేగానీ నిలవవు, అమ్మని చూసి నాకూ అదే అలవాటైంది, బెంగళూరు వచ్చాక మారతహళ్ళి ఫ్లాట్‌లోనూ అలాగే పోస్తూ వచ్చాను. కానీ ఈ ఊరు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది, మన వైపంత ఎండ కాయదు, అందులోనూ ఇంటి లోపల వెలుతురు, గాలి రెండూ తక్కువ, ఇక మట్టి ఎప్పుడు ఆరుతుంది? ఎప్పుడూ తడిలో ఉన్న వేళ్ళకి గాలి అందదు, కుళ్ళిపోతాయి. కుళ్ళిన వేరు నీళ్ళు పీల్చలేదు కాబట్టి మొక్క దాహంగా ఉన్నట్టే వాలిపోతుంది. అది చూసి మనం ఇంకో చెంబు పోస్తాం. నా పీస్ లిలీని కుండీలోంచి తీసిన రోజు వేళ్ళన్నీ నల్లగా, మెత్తగా, మురుగు వాసన. ఎంతో ఇష్టంగా తెచ్చుకున్న మొక్క, చాలా బాధేసింది.

మీది ఇంకా చెయ్యి దాటలేదనే అనుకుంటున్నాను. మొక్కని మట్టితో సహా మెల్లగా బయటికి తీయండి. తెల్లగా, గట్టిగా ఉన్న వేళ్ళు మంచివి. నల్లగా మెత్తబడినవి శుభ్రమైన కత్తెరతో కోసేయండి. పాత మట్టి దులిపేసి, ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పొట్టు), వర్మీ కంపోస్ట్ సమానంగా కలిపి, దొరికితే మట్టిని గుల్లగా ఉంచే తెల్లటి తేలికైన పెర్లైట్ గుళికలు కూడా గుప్పెడు వేసి మళ్ళీ నాటండి. ఇది కాక వేరే ఎరువు మాత్రం కొత్త చిగురు వచ్చేదాకా వద్దు. మనీ ప్లాంట్ వేళ్ళన్నీ పోయినా భయం లేదు, తీగని కణుపు కింద కోసి గాజు సీసాలో నీళ్ళలో పెడితే కొన్ని వారాల్లో కొత్త వేళ్ళు వస్తాయి.

ఆ తర్వాత నీళ్ళకి రోజులు లెక్కపెట్టకండి. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి, పొడిగా తగిలితేనే పోయండి. పోసినప్పుడు కొంచెం కొంచెం కాకుండా అడుగు నుంచి కారేదాకా పోసి, పళ్ళెంలో నిలిచింది పారబోయండి. మా ఇంట్లో ఏప్రిల్‌లో వారానికి రెండుసార్లు పడుతుంది, వానలు పట్టాక పది రోజులైనా ఆరదు. పీస్ లిలీకి నిజంగా దాహమైతే అదే ఆకులు వాల్చి చెబుతుంది, నీళ్ళు పోసిన కొన్ని గంటల్లో లేస్తుంది. మట్టి తడిగా ఉండీ వాలిందంటే మాత్రం వేళ్ళే చూడాలి.

వెలుతురు గురించి ఒక మాట. కిటికీ నుంచి నాలుగు అడుగులు లోపలికి జరిపితేనే వెలుతురు బాగా తగ్గిపోతుంది, మన కంటికి తెలియదు గానీ మొక్కకి తెలుస్తుంది. వెలుతురు తగ్గితే అది తాగే నీళ్ళూ తగ్గుతాయి. టీవీ పక్క మూలలో ఉంటే కిటికీ దగ్గరికి తెచ్చేయండి, కానీ నేరుగా ఎండ పడకూడదు, పీస్ లిలీ ఆకులు మాడిపోతాయి. ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నపు సూర్యుడు బెంగళూరుకి ఉత్తరంగా ఉంటాడు, డిసెంబర్‌లో బాగా దక్షిణానికి వాలతాడు. దాంతో నేరుగా ఎండ పడే కిటికీ మారుతుంది, అందుకే నేను ఏడాదికి రెండుసార్లు కుండీల చోటు మారుస్తాను.

ఆకుల కొనలు మాత్రమే గోధుమరంగులో ఎండుతుంటే అది బోరు నీళ్ళ ఉప్పు కావచ్చు. మా అపార్ట్‌మెంట్‌లో ట్యాంకర్ నీళ్ళు వచ్చే రోజుల్లో కుండీల అంచున తెల్లటి పొర కడుతుంది. వాన నీళ్ళు పట్టి పోస్తే చాలా తేడా కనిపించింది.

ఇంకొకటి, మీ ఇంట్లో రెండేళ్ళ పాప ఉందని రాశారు. ఈ రెండు మొక్కల ఆకుల్లోనూ కాల్షియం ఆక్సలేట్ అనే పదార్థపు సూదుల్లాంటి సన్నని స్ఫటికాలు ఉంటాయి, నమిలితే నోరు మండి వాస్తుంది. పాపకి అందని ఎత్తులో పెట్టండి.

మీ కుండీ అడుగున రంధ్రం ఉందా? నాది అందంగా ఉందని కొన్న పింగాణీ కుండీ, దానికి రంధ్రమే లేదు. ఒకసారి ఎత్తి చూసి చెప్పండి.