ఇటుక గోడలు మీ ఇష్టం, పిల్లర్లు అందరివీ

ప్రశ్న: నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో పై అంతస్తు ఫ్లాటు కొన్నాం. హాలు సీలింగ్ బాగా ఎత్తు. ఇనుప గర్డర్లతో పడుకునేందుకు వీలుగా లాఫ్ట్ వేయించి, గోడల పూత చెక్కించి ఇటుకలు కనపడేలా చేసి, పాత మిద్దె పడగొట్టినచోట కొన్న టేకు తలుపులు బిగించాలని మా ఆశ. సుత్తి దెబ్బ పడితే కోర్టుకెళ్తామని అసోసియేషన్ అంటోంది. ఆపే హక్కు వాళ్లకుందా?

జవాబు: కొన్ని పనులకు లేదమ్మా, కొన్నింటికి ఉంది.

తలుపులు, ఫ్లోరింగ్, రంగులు, సీలింగ్ అంచుల్లో పాతకాలపు పూలతీగల పట్టీలు మీ ఇష్టం. కార్పొరేషన్ అనుమతి కూడా అక్కర్లేదు.

ఇటుకల దగ్గర జాగ్రత్త. పిల్లర్ల మధ్య కట్టిన లోపలి గోడైతే పూత చెక్కించుకోవచ్చు. మేస్త్రీ అదే ఊపులో పిల్లరో బీమో చెక్కి కాంక్రీటు చూపిస్తానంటే మాత్రం ఒప్పుకోకండి. కమ్మీల మీది కాంక్రీటు పోతే తుప్పు పడుతుంది, ఉప్పుగాలి తగిలే మన జిల్లాలో మరీ త్వరగా. పిల్లర్లు, బీములు, శ్లాబు, కింది దాకా దిగే డ్రైనేజీ పైపు 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం ఉమ్మడి ఆస్తి. వాటి జోలికెళ్తే అసోసియేషన్ కోర్టు నుంచి ఇంజంక్షన్ (పని ఆపమనే ఉత్తర్వు) తెచ్చుకోగలదు. వాళ్ల భయం న్యాయమైనదే. కింది కాపురాలన్నీ ఆ పిల్లర్ల మీదే ఉన్నాయి.

అసలు చిక్కు లాఫ్ట్‌తోనే. సామాన్లు పెట్టుకునే అటక వేరు. మనుషులు పడుకునేలా గర్డర్లు వేస్తే అది మంజూరైన ప్లానులో లేని కట్టడం. ముందు స్ట్రక్చరల్ ఇంజనీరుతో చూపించి, ఆ బరువును భవనం మోస్తుందని రాతపూర్వకంగా తీసుకోండి. మోయదంటే ఆ ఆలోచన మానుకోండి. మోస్తుందంటే ఆ రిపోర్టు అసోసియేషన్ మీటింగులో పెట్టి, తీర్మానం మినిట్స్‌లో రాయించి, కార్పొరేషన్‌లో సవరించిన ప్లానుకు దరఖాస్తు చేయండి. అనుమతి లేకుండా కడితే కూల్చివేత నోటీసు రావచ్చు, రేపు అమ్మబోతే కొనేవాళ్లకు బ్యాంకు లోను దగ్గర పేచీ వస్తుంది. ఫ్లాటు అప్పగించి 5 ఏళ్లు కాకపోతే ఇంకో నష్టం ఉంది. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం కింద కట్టడం లోపాలకు బిల్డరే బాధ్యుడు. మీరు చెక్కించారంటే ఆయన వేలు మీవైపే చూపిస్తాడు.

కాంట్రాక్టరుకు నోటిమాట మీద అడ్వాన్స్ ఇవ్వకండి. ఏ దశకు ఎంతో, బయటికి కనిపించే ఇనుప పైపుల్లో వైర్లు వేస్తే ఎర్తింగ్‌తో సహా, వర్క్ ఆర్డర్‌లో రాయించండి. పని చెడగొడితే 2 ఏళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. మీరు చెల్లించింది 5 లక్షలు దాటకపోతే ఫీజు కూడా ఉండదు.

అసోసియేషన్ నిజంగానే కోర్టుకెళ్లేలా ఉంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) 148ఎ సెక్షన్ కింద కేవియట్, అంటే మా మాట కూడా వినమని కోర్టుకు ముందే ఇచ్చే అర్జీ, వేయండి. 90 రోజుల వరకు మీ వాదన వినకుండా స్టే ఇవ్వరు.