ఊళ్లు తిరిగే ఉద్యోగంలో ఉంటూ స్పానిష్ సొంతంగా నేర్చుకోవడం సాధ్యమేనా?

మీరు తిరుపతిలో ఉంటూ నెలలో సగం రోజులు చెన్నై, బెంగళూరు, హైదరాబాదు తిరిగే ఉద్యోగం చేస్తున్నారు. తరగతిలో చేరితే సగం పాఠాలు పోతాయి. యాప్‌తో మొదలుపెట్టారు గానీ, ప్రయాణాల మధ్య అది ఆగిపోతూ వస్తోంది. సొంతంగా నేర్చుకోవడం కుదురుతుందా, కుదిరితే ఎక్కడ మొదలుపెట్టాలి, స్పెయిన్‌లో మాట్లాడే స్పానిష్ నేర్చుకోవాలా లేక మెక్సికోలో మాట్లాడేదా అన్నవి మీ ప్రశ్నలు. కుదురుతుందని నేను గట్టిగా చెప్పగలను. నేను చిత్తూరులో ఉంటూ మామిడి పల్ప్ ఫ్యాక్టరీల యంత్రాల నిర్వహణ పని చేస్తాను. తోతాపురి సీజన్‌లో ఇల్లు పట్టడం అరుదు, మిగతా కాలంలో కూడా కృష్ణగిరి, శ్రీనివాసపురం, చెన్నై అంటూ తిరుగుడే. మేము వాడే యంత్రాల్లో కొన్ని స్పెయిన్ నుంచి వచ్చినవి కావడంతో, అక్కడి సాంకేతిక నిపుణులతో నేరుగా మాట్లాడాలన్న కోరికతో ఈ భాష మొదలుపెట్టి, ఇప్పుడు వారితో ఫోన్‌లో పని నడుపుకోగలుగుతున్నాను.

తిరిగే ఉద్యోగంలో ఉన్న తెలుగువారు స్పానిష్‌ను ముందు చెవితోనూ నోటితోనూ, అదీ తెలుగును ఆధారం చేసుకుని నేర్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. బల్ల, కుర్చీ, పుస్తకం, నిర్ణీత సమయం మనకు దొరకవు, దొరికేది ప్రయాణం మాత్రమే. బస్సు కుదుపుల్లో చదవలేకపోయినా వినగలం. మొదటి దశ అంతా పుస్తకం తెరవకుండా గడవడానికి తెలుగు మనకు ఇచ్చే సాయం చాలా ఎక్కువ. ఇంగ్లీషు మాధ్యమంలో తయారైన పాఠాలు ఆ సాయాన్ని గుర్తించవు, ఎందుకంటే అవి ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారి కష్టాలను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

వినికిడితో భాష వస్తుందా అన్న సందేహం తిరుపతిలో ఉన్నవారికి రాకూడదు. బస్టాండు దగ్గర ఆటో నడిపేవారు, గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల దుకాణాలవారు తమిళం, కన్నడం, హిందీ ఏ బడిలోనూ నేర్చుకోలేదు. యాత్రికులు రోజూ అడిగే ఆ నాలుగు ప్రశ్నలు, వాటికి చెప్పే జవాబులు, ధరలు, దారులు, వేళలు నోటికి పట్టేదాకా విన్నారు, అన్నారు, అక్కడి నుంచి మెల్లగా విస్తరించుకున్నారు. తమకు అవసరమైన కొద్దిపాటి మాటల్ని తడుముకోకుండా అనగలిగే స్థితికి ముందు చేరుకోవడమే వారి పద్ధతి. స్పానిష్‌కు కూడా నేను దానినే పాటించాను.

ముందు ధ్వనుల సంగతి. స్పానిష్‌లో అచ్చులు అ, ఇ, ఉ, ఎ, ఒ అనే అయిదే. అవి ఏ మాటలో వచ్చినా దాదాపు ఒకేలా పలుకుతాయి, రాసినట్టే చదవవచ్చు. ఇంగ్లీషు అలవాటుతో మనం ట, డ అని చదివే అక్షరాలు స్పానిష్‌లో పళ్లకు తగిలే త, ద. ప, త, క లు గాలి ఒత్తు లేకుండా మన వాటిలాగే ఉంటాయి. ఇవి ఇంగ్లీషువారు నెలల తరబడి సాధన చేసే విషయాలు, మనకు పుట్టుకతో వచ్చినవి. కాబట్టి స్పానిష్ మాట కనబడగానే దాన్ని ఇంగ్లీషు గొంతుతో చదవకుండా తెలుగు గొంతుతో చదవండి. రెండు రకాల రేఫలు మాత్రం శ్రద్ధగా వినాలి: 'పేరొ' అంటే 'కానీ', 'పేఱ్ఱొ' అంటే కుక్క. రెండోదానిలో నాలుక గట్టిగా అదరాలి.

మనకు నిజంగా కొత్తది ఊనిక. తెలుగులో హ్రస్వ దీర్ఘాలు అర్థాన్ని మారుస్తాయి గానీ మాటలో ఏ అక్షరాన్ని ఒత్తి పలికామన్నది అర్థాన్ని మార్చదు. స్పానిష్‌లో మారుస్తుంది. 'ఆబ్లొ' అంటే 'మాట్లాడతాను', 'అబ్లో' అంటే 'ఆయన మాట్లాడాడు'. సాధారణ సూత్రం సులువైనదే: మాట అచ్చుతో గానీ, న, స లతో గానీ ముగిస్తే చివరి నుంచి రెండో అక్షరం మీద ఊనిక, మిగతా హల్లులతో ముగిస్తే చివరి అక్షరం మీద, ఈ సూత్రానికి లొంగని మాటలకు రాతలోనే అచ్చు మీద గీత ఉంటుంది. నేను నోట్సులో స్పానిష్ మాటలను తెలుగు లిపిలో రాసుకుని, ఊనిక ఉన్న అచ్చుకు దీర్ఘం పెట్టుకునేవాణ్ణి, ఈ జవాబులోనూ అలాగే రాస్తున్నాను. మన చెవి దీర్ఘాన్ని వెంటనే పట్టుకుంటుంది కాబట్టి ఇది బాగా పనిచేస్తుంది. అయితే దాన్ని మన దీర్ఘమంత సాగదీయకుండా, కాస్త ఒత్తి వదిలేయాలి.

వ్యాకరణంలో తెలుగు చేసే సాయం ఇంకా పెద్దది. ఇంగ్లీషువారిని బాగా తికమక పెట్టే 'గూస్త' అనే క్రియను చూడండి. 'మె గూస్త ఎల్ మాంగొ' అంటే 'నాకు మామిడిపండు నచ్చుతుంది', 'మె గూస్తన్ లొస్ మాంగొస్' అంటే 'నాకు మామిడిపండ్లు నచ్చుతాయి'. వాక్యంలో క్రియ 'నాకు' అన్నదానితో పొసగదు, పండుతో పొసగుతుంది, అచ్చం మన 'నచ్చుతుంది, నచ్చుతాయి' లాగా. 'మె ద్వేలె ల కబేస' అన్నా అంతే, 'నాకు తల నొస్తోంది' అన్న వాక్యమే అది. దీన్ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటే వాక్యాన్ని తలకిందులు చేసి మళ్లీ నిలబెట్టాల్సి వస్తుంది, తెలుగు నుంచి నేరుగా వెళితే వివరణే అక్కరలేదు. క్రియ చివర చూస్తేనే కర్త ఎవరో తెలియడం, అందువల్ల 'నేను, నువ్వు' అన్న మాటలను వదిలేయగలగడం కూడా మనకు కొత్త కాదు. 'త్రబాహొ ఎన్ తిరుపతి' అంటే 'తిరుపతిలో పనిచేస్తున్నాను', అందులో 'నేను' లేదు, మనకూ అక్కరలేదు.

'ఉండు' అన్న అర్థానికి స్పానిష్‌లో రెండు క్రియలున్నాయని, వాటి తేడా చాలా కష్టమని పాఠాలన్నీ మొదటే భయపెడతాయి. తెలుగువారికి ఒక దారి ఉంది. 'ఆయన ఇంజనీరు' అన్నప్పుడు మనం క్రియే వాడం, అక్కడ స్పానిష్‌వారు 'ఎస్' అంటారు. 'ఆయన రేణిగుంటలో ఉన్నారు', 'కాఫీ వేడిగా ఉంది' అన్నప్పుడు మనం 'ఉండు' వాడతాం, అక్కడ వారు 'ఎస్తా' అంటారు. ఈ పోలిక అన్నిచోట్లా నిలవదు. 'అబ్బాయి పొడుగ్గా ఉంటాడు' అన్నది వారికి శాశ్వత గుణం కాబట్టి 'ఎస్' తోనే చెబుతారు. అయినా మొదటి నెలల్లో చాలా వాక్యాలు దీనితో సరిగ్గానే వస్తాయి. భూతకాలంలోనూ ఇంతే. 'పనిచేశాను' అన్నదానికి 'త్రబహే', 'పనిచేసేవాణ్ణి' అన్నదానికి 'త్రబహాబ'. ఈ రెండింటికీ తేడా మనం చిన్నప్పటి నుంచి పాటిస్తున్నదే, స్పానిష్ కోసం కొత్తగా అర్థం చేసుకోవాల్సిన పని లేదు.

తెలుగు ఆదుకోని చోట్లు కూడా చెప్పాలి. ప్రాణం లేని వస్తువులకు కూడా స్త్రీ, పురుష లింగభేదం ఉంటుంది, 'అ' తో ముగిసేవన్నీ స్త్రీలింగం, 'ఒ' తో ముగిసేవన్నీ పుంలింగం అనుకుంటే 'ఎల్ ప్రొబ్లేమ' (సమస్య, పుంలింగం), 'ల మానొ' (చెయ్యి, స్త్రీలింగం) వంటివి ఎదురవుతాయి. ఏ నామవాచకాన్నీ ముందున్న పుంలింగపు 'ఎల్' లేదా స్త్రీలింగపు 'ల' లేకుండా నోట రానివ్వకపోవడం తప్ప దీనికి మందు లేదు. విభక్తులు మాటకు వెనక కాక ముందు రావడం కొన్ని వారాల్లో అలవాటవుతుంది. కోరిక, సందేహం, ఆజ్ఞ చెప్పే క్రియారూపాలను మొదటి ఏడాది వింటూ ఉంటే చాలు. పదసంపదకు మాత్రం ఇంగ్లీషు ఎంతో ఉపకరిస్తుంది, 'షన్' తో ముగిసే ఇంగ్లీషు మాటలు వందలకొద్దీ స్పానిష్‌లో 'స్యోన్' తో ముగుస్తూ కనబడతాయి.

ఇక ప్రయాణాల్లో దీన్ని అమర్చుకునే పద్ధతి. రోజూ పొద్దున ఆరు గంటలకు అరగంట అని నియమం పెట్టుకుంటే మన ఉద్యోగాల్లో వారం కూడా నిలవదు. అందుకని చదువును గడియారానికి కాక ప్రయాణంలోని దశలకు ముడిపెట్టండి. తిరుపతి నుంచి చెన్నైకి సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లేటప్పుడు రేణిగుంట దాటాక పుత్తూరు వచ్చేవరకు పాత పాఠం మళ్లీ వినడం, అక్కడి నుంచి అరక్కోణం వరకు కొత్త పాఠం, ఆ తరువాత ఏదీ వినకుండా కిటికీలోంచి కనబడేవాటి గురించి మనసులో స్పానిష్ వాక్యాలు కట్టుకోవడం నా అలవాటు. ఈ మూడో భాగాన్ని చాలామంది వదిలేస్తారు, నా దృష్టిలో అదే ముఖ్యమైనది. 'బండి ఆగింది', 'ఆమె టీ తాగుతోంది', 'వాన రాబోతోంది' వంటివి కడుతూ పోతే ఏ మాట రాదో తెలుస్తుంది, రాత్రి బసలో ఆ మాట వెతికితే అది మళ్లీ మరపురాదు. దారిలో సిగ్నల్‌ను నమ్ముకోకుండా పాఠాలను ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి. పలమనేరు మీదుగా బెంగళూరు వెళ్లేటప్పుడు కారు మీరే నడుపుతుంటే కొత్త పాఠం పెట్టవద్దు, బాగా వచ్చిన పాఠమే వినండి. దృష్టి రోడ్డు మీదే ఉండాలి.

వినడానికి 'లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్' వారి స్పానిష్ పాఠాలను నేను మొదట సిఫారసు చేస్తాను. 90 చిన్న పాఠాలు, పూర్తిగా ఉచితం. ఉపాధ్యాయుడు ఒక విద్యార్థిని ప్రశ్నలడుగుతూ ఉంటాడు, మీరు ఆపి మీ జవాబు పైకి చెప్పి ముందుకు సాగాలి. మాధ్యమం ఇంగ్లీషే అయినా మీరు జవాబు కట్టేటప్పుడు తెలుగు వాక్యం నుంచి కట్టండి. హోటల్ గదిలో కాస్త తీరిక ఉంటే 'డ్రీమింగ్ స్పానిష్' వీడియోలు మంచివి, బొమ్మలు గీస్తూ, సైగలు చేస్తూ మొదటి స్థాయివారికి కూడా అర్థమయ్యేలా స్పానిష్‌లోనే మాట్లాడతారు. మాటలు గుర్తుంచుకోవడానికి 'అంకీ' అనే యాప్ వాడాను. మరచిపోయే వేళకు మాటను మళ్లీ చూపించే ఈ పద్ధతికి మూలం హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లో ప్రచురించిన మరపు పరిశోధన. ఆండ్రాయిడ్ ఫోన్లలో అంకీ ఉచితం, నెట్ లేకపోయినా నడుస్తుంది. మీరు వాడిన యాప్ వంటివి మాటలు పరిచయం చేయడానికి బాగుంటాయి గానీ అవి ఎక్కువగా గుర్తుపట్టడాన్నే పరీక్షిస్తాయి, వాక్యాన్ని సొంతంగా కట్టి పలకడం వాటితో అలవాటు కాదు. అవి మధ్యలో ఆగిపోయినంత మాత్రాన భాష రాదనుకోనవసరం లేదు.

మాటల ఎంపికలో మీ వృత్తికే మొదటి స్థానం ఇవ్వండి. పాఠ్యపుస్తకాల్లోని జంతువులు, బట్టలు, రంగులు తరువాత చూసుకోవచ్చు. నా విషయంలో మొదట స్థిరపడినవి పంపు, వాల్వు, ఒత్తిడి, కారడం. 'ల బోంబ త్యేనె ఊన ఫూగ', అంటే పంపు కారుతోంది. 'నొ అఱ్ఱాంక', స్టార్ట్ అవడం లేదు. అవతలివారు వెంటనే 'దేస్దె క్వాందొ?' అని అడుగుతారు, ఎప్పటినుంచి అని. దీనికి జవాబుగా రోజులు, గంటలు చెప్పగలిగితే సంభాషణ నిలబడుతుంది. ఇలా వచ్చే ప్రశ్న, దానికి మన జవాబు, దాని మీద వచ్చే మరో ప్రశ్న అన్న వరుసలో ఒక్కో సందర్భాన్ని తయారుచేసుకుని, గదిలో గట్టిగా పైకి అని చూసుకునేవాణ్ణి. అంకెలను ప్రత్యేకంగా సాధన చేయండి, ఫోన్‌లో చెప్పే కొలతలు, పార్టు నంబర్లు వేగంగా వస్తాయి.

మాట్లాడే తోడు కోసం వేళల తేడా మనకు అనుకూలంగానే ఉంది. మెక్సికో నగరం మనకంటే పదకొండున్నర గంటలు వెనక, కాబట్టి ఇక్కడ ఉదయం 7 గంటలకు అక్కడ క్రితం రాత్రి ఏడున్నర. పెరూలోని లిమాలోనూ కొలంబియాలోని బొగొతాలోనూ ఎనిమిదిన్నర. పని ముగించుకున్నవారు అక్కడ తీరికగా ఉంటారు, మీరు ఇంకా బయలుదేరి ఉండరు. స్పెయిన్‌వారైతే మన రాత్రి 8 గంటలు వారికి చలికాలంలో మూడున్నర, వేసవిలో నాలుగున్నర. ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకుని అరగంట సంభాషణ నడిపే ఉపాధ్యాయులు దొరుకుతారు. తప్పుల దగ్గర ఆపి సరిదిద్దమని ముందే అడగండి, లేకపోతే మర్యాదకు వదిలేస్తారు.

మీ సంస్థ ధ్రువపత్రం అడిగితే 'దేలె' అనే స్పానిష్ పరీక్ష ఉంది, ప్రాథమికమైన ఎ1 నుంచి అత్యున్నతమైన సి2 వరకు ఆరు స్థాయిలు, ఒకసారి ఉత్తీర్ణులైతే గడువు తీరదు. దాన్ని నిర్వహించే స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్టిట్యూటో సెర్వాంటెస్‌కు ఢిల్లీలో కేంద్రం ఉంది. అడగకపోతే మొదటి ఏడాది ఆ ఆలోచన పెట్టుకోవద్దు. ఎంత కాలం పడుతుందంటే, అమెరికా దౌత్యాధికారులకు శిక్షణ ఇచ్చే సంస్థ ఇంగ్లీషు మాట్లాడేవారికి వృత్తి స్థాయి స్పానిష్ కోసం దాదాపు 700 తరగతి గంటలు కేటాయిస్తుంది. మన ప్రయాణాల్లో వృథాగా పోయే గంటలను లెక్కేసుకుంటే అది అందని దూరం కాదు.

ఏ దేశపు స్పానిష్ అన్నదానికి నా జవాబు, మీరు ఎవరితో మాట్లాడబోతున్నారో వారిది. వ్యాకరణం దాదాపు ఒకటే. 'గ్రాస్యస్' అని లాటిన్ అమెరికాలో అనేదాన్ని స్పెయిన్‌లో ఎక్కువ ప్రాంతాలవారు 'గ్రాథ్యస్' అంటారు. 'నువ్వు, మీరు' తేడాకు సరిపోయే 'తూ, ఉస్తేద్' వాడకం దేశాన్ని బట్టి మారుతుంది: స్పెయిన్‌లో ఉద్యోగ సహచరులు త్వరగా 'తూ' లోకి దిగిపోతారు, కొలంబియాలో కొన్ని ప్రాంతాలవారు స్నేహితులను కూడా 'ఉస్తేద్' అంటారు. మీరు మొదట అందరినీ 'ఉస్తేద్' అనే పిలవండి, అవతలివారు 'తూ' అనమంటే అప్పుడు మార్చుకోండి. మీ పని ఏ దేశంవారితోనో రాస్తే, ఆ యాసలో వినదగిన పాఠాలు చెబుతాను.