జేమ్స్‌టౌన్ నవల రాసిన యువ రచయితకు

నమస్కారం.

మీ రాతప్రతి అందింది. పదకొండో అధ్యాయం దాకా ఓపికగానే చదివాను. అక్కడ, 1610 ఫిబ్రవరిలో, మీ కథానాయకుడు అమెరికాలోని వర్జీనియాలో ఇంగ్లీషు వలసవాళ్ళు కట్టుకున్న జేమ్స్‌టౌన్ కోట తలుపులు తెరిపించి, నల్ల గుర్రమెక్కి, చుట్టూ మాటువేసిన స్థానిక పౌహటన్ తెగల యోధుల నడుమ నుంచి కత్తి తిప్పుకుంటూ దూసుకుపోయేసరికి కాగితాలు పక్కన పెట్టేశాను. ఆ గుర్రాన్ని కోటలోవాళ్ళు అప్పటికే తినేశారు. ఆ చలికాలంలో అక్కడ అధ్యక్షుడిగా ఉన్న జార్జ్ పెర్సీ తిండి వరుసను తానే రాసిపెట్టాడు: మొదట గుర్రాలు, తరవాత కుక్కలు, పిల్లులు, ఎలుకలు, బూట్ల తోలు, ఆఖరుకు గోతుల్లోంచి తవ్వి తీసిన శవాలు. 2012లో పురాతత్వ తవ్వకాల్లో అక్కడ దొరికిన, సుమారు 14 ఏళ్ళ ఇంగ్లీషు బాలిక పుర్రె మీది కత్తిగాట్లు ఆయన మాటకు సాక్ష్యం చెప్పాయి. దాదాపు 300 మందిలో వసంతం నాటికి 60 మంది మిగిలిన చోట మీ నాయకుడికి కండలు తిరిగిన చేతులు, ఎక్కడానికి గుర్రం ఎక్కడినుంచి వచ్చాయి?

ఈ ఉత్తరం రాయించింది మాత్రం ఆ గుర్రం కాదు. నాలుగో అధ్యాయంలో పనికుర్రవాడు ఖాళీ పీపాలోకి తల దూర్చి, చెక్కల సందుల్లో మిగిలిన పిండిని తడివేలితో అద్దుకుని నాకుతాడు. రెండే వాక్యాలు. అవి రాయగలిగిన మనిషి తక్కిన 300 పుటలను కత్తులకు ధారపోయడం నాకు కష్టం కలిగించింది. శీర్షిక గురించీ ప్రచురణకర్తల గురించీ మీరడిగినవాటికి ఇప్పుడు తొందరలేదు.

సాహస నవలలో ఎవడు ఎక్కడికి బయలుదేరినా, వాడు ఏం తిని బయలుదేరాడో, ఆ గింజ ఎవరు పండించారో, ఎవరు కొలిచి పోశారో రచయితకు తెలిసి తీరాలని నేను రాయడం మొదలుపెట్టిన నాటినుంచీ పోట్లాడుతున్నాను. వర్జీనియా కథలో ఇది మరీ నిజం. 1607 మే నెలలో దిగిన 104 మందిలో సుమారు సగం మంది చేత్తో పని చేసి ఎరగని పెద్దమనుషులు. మరుసటి జనవరికి బతికి ఉన్నవాళ్ళు 38 మంది. చుట్టూ ఉన్న ఊళ్ళలో పౌహటన్ స్త్రీలు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి పండించేవారు. అయితే 1606 నుంచి 1612 దాకా అక్కడ తీవ్రమైన అనావృష్టి ఉందని పాత సైప్రస్ చెట్ల వలయాలను కొలిచిన శాస్త్రజ్ఞులు 1998లో తేల్చారు. అంటే అమ్మేవాడి గాదెలోనూ గింజలు తక్కువే. కొనేవాడికి ఆకలి, అమ్మేవాడికి భయం, ఇద్దరి చేతుల్లోనూ ఆయుధాలు. మీకు ఇంతకన్నా ఏం కావాలి?

1608లో పౌహటన్ మహానాయకుడు ఉండే వెరవకోమొకో గ్రామంలో జరిగిన బేరాన్ని మీరు ఒక్క పేరాలో దాటేశారు. చిల్లర బేరం తన హోదాకు తగదనీ, తెచ్చినవన్నీ ఒక్కచోట పెడితే నచ్చినవి తీసుకుని తగిన విలువ ఇస్తాననీ ఆ మహానాయకుడు ఇంగ్లీషు ఓడల కెప్టెన్ న్యూపోర్ట్‌తో అన్నాడు. న్యూపోర్ట్ అలాగే పరిచాడు. 20 పెద్ద పీపాల మొక్కజొన్న వస్తుందనుకుంటే ఇంగ్లీషువాళ్ళ గింజల కొలతలో నాలుగు బుషెళ్ళు కూడా రాలేదని కోట నాయకుల్లో ఒకడైన జాన్ స్మిత్ రాశాడు. తరవాత స్మిత్ నీలిపూసలను బయటకు తీసి, అవి ఆకాశం రంగువనీ, మహారాజులు మాత్రమే ధరిస్తారనీ, ఇవ్వడం తనకు ఇష్టం లేదన్నట్టు వాటితో ఆడుకుంటూ కూర్చుని, ఒకటి రెండు పౌన్ల బరువు పూసలకు రెండు మూడువందల బుషెళ్ళు రాబట్టానని చెప్పుకున్నాడు. స్మిత్ తన గొప్పలు చెప్పుకోవడంలో దిట్ట, ఆ లెక్కలో కొంత కోసేయండి. అయినా ఆ గదిలో కత్తి దూయకుండానే రెండు మొండి బుద్ధులు ఢీకొన్నాయి.

ఇలాంటి ఘట్టాలను ఎందుకు దాటేస్తారో నాకు తెలుసు. బందరులోని ఇంగ్లీషు వర్తకస్థావరం మీద నేను ధారావాహిక రాస్తున్న రోజుల్లో పగలు బియ్యం మిల్లులో గుమాస్తాగా తూకాలు, తరుగులు రాసుకుని రాత్రి కథ రాసేవాణ్ణి. ఓడకు బియ్యం ఎక్కించేటప్పుడు కొలతలో జరిగే మోసం మీద ఒక అధ్యాయం పంపితే, వారపత్రిక సంపాదకుడు “బియ్యం లెక్క పాఠకుడికెందుకండీ, కత్తి తీయించండి” అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ వారం సంచికలో నేను రాయని కత్తియుద్ధం నా పేరుతో అచ్చయింది. పారితోషికంలో మాత్రం ఆ పుటలకు కోత పడింది. ఇప్పటి సంపాదకులు కత్తి అనరు, “విజువల్‌గా ఉండాలి” అంటారు. అప్పటి కత్తికే ఇప్పటి పేరు.

ఆ అధ్యాయం దండగ కాలేదని హెన్రీ స్పెల్‌మన్ రాతలు చదివాక అనిపించింది. 1609లో 14 ఏళ్ళ వయసున వర్జీనియాకు వచ్చిన ఈ కుర్రవాణ్ణి, తనకు తెలియకుండానే ఒక ఊరికి బదులుగా స్మిత్ అమ్మేశాడని అతనే రాశాడు. ఆ ఏడు చివర్లో కోట నాయకుల్లో మరొకడైన జాన్ రాట్‌క్లిఫ్ తన మనుషులతో మొక్కజొన్న కొనడానికి పౌహటన్ మహానాయకుడి దగ్గరకు వెళ్ళి ప్రాణాలు పోగొట్టుకున్నాడు కదా, ఆ తగవు ఎక్కడ మొదలైందో స్పెల్‌మన్ చెబుతాడు: గంప అడుగును కిందనుంచి చేత్తో పైకి నొక్కితే తక్కువ గింజలకే గంప నిండినట్టు కనిపిస్తుంది. దానిమీద మాటామాటా పెరిగింది. మిల్లులో ఇలాంటి కొలత చూసినవాడికి ఆ గంప వెంటనే కంటికి కడుతుంది. మీరు దీన్ని “పొదల్లోంచి బాణాలు వర్షించాయి” అని ముగించారు.

జేమ్స్‌టౌన్ వాడే అయిన ఫ్రాన్సిస్ వెస్ట్‌ను మీరసలు తలచనే లేదు. పొటోమాక్ నది వైపు పడవ తీసుకుపోయి, ఇద్దరి తలలు నరికించి మరీ గింజలు నింపుకుని, ఆకలితో ఎదురుచూస్తున్న కోటకు రాకుండా నేరుగా ఇంగ్లండుకు తెరచాప ఎత్తినవాడు అతను. ఇటు జేమ్స్ నది ముఖాన ఉన్న చిన్న ఇంగ్లీషు కోటలోవాళ్ళు పీతలతో పందులను మేపుతూ సుఖంగా ఉన్నారని పెర్సీకి ఆలస్యంగా తెలిసింది. మీ ప్రతినాయకుడు పౌహటన్ వాడే కానక్కరలేదు.

పౌహటన్ మహానాయకుడి కూతురు పోకహాంటస్‌తో ప్రేమ ఘట్టం తీసేయండి. అప్పటికి ఆమెకు దాదాపు 11 ఏళ్ళు. స్మిత్ తల మీద తన తల పెట్టి ఆమె అతన్ని కాపాడిన కథ 1608లో అచ్చైన అతని వృత్తాంతంలో లేదు, అతని 1624 పుస్తకంలో ఉంది. ఆమె నాలుగైదు రోజులకోసారి కోటకు తిండి తెచ్చేదని కూడా స్మిత్ చెప్పాడు. ఆ నడక రాయండి.

రెండో భాగం రాస్తే థామస్ డేల్ దగ్గర మొదలుపెట్టండి. 1611లో వచ్చి కఠిన సైనిక శాసనాలతో కోటను అదిమిపట్టినవాడే, మనిషికి మూడెకరాలు పంచి సొంత సాగు చేయించాడు. పొగాకు వేయదలచినవాడు ముందు రెండెకరాల మొక్కజొన్న వేయాలన్నాడు. తరవాత ఈస్టిండియా కంపెనీ నౌకాదళానికి నాయకుడై, జావా దగ్గర డచ్చివాళ్ళతో పోరాడి, 1619లో మన మచిలీపట్నంలో చనిపోయాడు. దాని గురించి నా దగ్గరున్న కాగితాలు కావాలంటే పంపుతాను. ముందు స్పెల్‌మన్ చూపులోంచి ఆ గంప అధ్యాయం రాసి పంపండి. కాగితానికి ఒక వైపే రాయండి, నా కళ్ళు మునుపటిలా లేవు.