సాగు సందేహాలు: చిల్లులు తక్కువైతే గట్టి రకమేనా?

ప్రశ్న: జేఎస్ 335 పక్కనే మరో రెండు సోయా రకాలు వేశాం. మందు కొట్టకపోయినా ఒక రకానికి ఆకుల్లో చిల్లులు బాగా తక్కువ. వచ్చే వానాకాలానికి దాని విత్తనమే ఉంచుకోవచ్చా?
– ఓ రైతు, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: తొందరపడకండి. పక్క సాళ్లలో తనకు నచ్చిన ఆకు ఉంటే పురుగు అటే పోతుంది. రేపు చేనంతా ఈ ఒక్క రకమే ఉంటే దీన్నే తింటుంది. ముందు తేల్చుకోవాల్సింది అదే.

సోయా ఆకు తినే పొగాకు లద్దె పురుగు గుడ్ల సముదాయం ఒక్కటి తెచ్చి, పిల్లలను ఆముదపాకు మీద వేలి గోరంత అయ్యేదాకా పెంచండి. మూత ఉన్న డబ్బాల్లో తడి కాగితం పరిచి, డబ్బాకు ఒకే రకం ఆకు, ఒకే పురుగు పెట్టండి. రకానికి పది డబ్బాలు చాలు. కొస నుంచి మూడో ఆకునే కోయండి. ఒకదానికి లేతాకు, ఇంకోదానికి ముదురాకు పెడితే మీరు కొలిచేది ఆకు వయసునే. రోజూ ఆకు మార్చండి. వారానికి పదింటినీ కలిపి బంగారం తూచే త్రాసులో తూచండి. తట్టుకునే రకం మీద పురుగు బరువు పెరగదు, ప్యూపా దశకు (రెక్కల పురుగుగా మారే ముందు తిండి మానే దశ) ఆలస్యంగా చేరుతుంది.

చేలో ఒక్కో రకం ఒక్కో మడిలో వేస్తే లాభం లేదు. గట్టు పక్క మడికి పురుగు ముందే వస్తుంది. ప్రతి రకాన్నీ నాలుగు చోట్ల, వరస మార్చి, ఒకే రోజు వేయండి. జేఎస్ 335ను పోలికకు ఉంచండి. ప్రతి మడినీ రెండు చేసి, ఒక సగానికి మందు కొట్టండి, రెండో సగాన్ని వదిలేయండి. విత్తిన 30, 45, 60 రోజులకు పది మొక్కల నుంచి పై, మధ్య, కింది ఆకులు ఒక్కొక్కటి కోసి, గళ్ల కాగితం మీద పరిచి పోయిన గళ్లు లెక్కపెట్టండి. కంటి అంచనా నమ్మకండి. మూడు చిల్లులు చూడగానే సగం ఆకు పోయిందంటాం. పురుగులను పొద్దున్నే లెక్కించండి, ఎదిగిన లద్దె ఎండకు మట్టిపెళ్లల కింద దూరుతుంది.

ముసురు పట్టినప్పుడు సున్నం పూసినట్టు తెల్లగా బిగుసుకుపోయిన పురుగులు ఆకు మీద కనిపిస్తాయి. బూజు తెగులు వాటిని చంపేసింది. ఆ ఏడాది లెక్కను పక్కన పెట్టండి.

చివరికి చూడాల్సింది గింజ. పూతకు ముందు పావు వంతు ఆకు పోయినా సోయా కోలుకుంటుంది, గింజ కట్టేటప్పుడు పోతేనే దెబ్బ. కొట్టిన సగానికీ కొట్టని సగానికీ దిగుబడి తేడా ఏ రకంలో తక్కువో అది మీకు పనికొస్తుంది, చిల్లులు ఎక్కువున్నా సరే.

ప్రశ్న: పురుగు అసలు ముట్టని సోయా రకం ఉందా?
– మరో పాఠకుడు, నిజామాబాద్

జవాబు: లేదు. జపాన్ నుంచి వెళ్లిన పీఐ 171451, పీఐ 227687, పీఐ 229358 అనే సోయా రకాలు (పీఐ అంటే బయటి నుంచి తెచ్చిన విత్తనానికి అమెరికా ఇచ్చే నంబరు) మెక్సికన్ పెంకు పురుగును తట్టుకుంటాయని అమెరికాలో 1971లో వెల్లడించారు. ఆకు తినే లద్దె పురుగుల మీదా అవి పనిచేశాయి. ఆ గుణాన్ని మంచి దిగుబడి రకాల్లోకి ఎక్కించబోతే దానితోపాటు తక్కువ కాపూ వచ్చి చిక్కుపెట్టింది. ఆ రకాల్లో కూడా పురుగు ఆకు తింటుంది, తక్కువ తింటుందంతే.