ఫీజు పెంచే ఇంజనీరింగ్ కాలేజీ ప్రభుత్వానికి లెక్క చెప్పాలా?

చెప్పాలండి. హన్మకొండలో అయినా కరీంనగర్‌లో అయినా ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ తన ఇష్టానికి ట్యూషన్ ఫీజు పెంచుకోవడానికి లేదు. సుప్రీంకోర్టు 2003లో ఇచ్చిన తీర్పు వల్ల రాష్ట్రాల్లో రిటైర్డ్ హైకోర్టు జడ్జి అధ్యక్షుడిగా ఫీజుల కమిటీలు వచ్చాయి, మన తెలంగాణలో అది టీఏఎఫ్ఆర్‌సీ, అంటే తెలంగాణ అడ్మిషన్లు, ఫీజుల నియంత్రణ కమిటీ. కాలేజీ వాళ్ళు ఆడిట్ చేయించిన ఆదాయ, ఖర్చుల లెక్కలు (ఇందులో లెక్చరర్ల జీతాలే ముఖ్యం, నా దృష్టిలో గట్టిగా చూడాల్సిందీ అదే) కమిటీకి ఇవ్వాలి, అది వాటిని చూసి, యాజమాన్యాన్ని పిలిచి మాట్లాడి, మూడేళ్ళ కాలానికి ఒక్కో కాలేజీకి ఒక్కో ఫీజు ఖరారు చేస్తుంది. 2022-25కి ఏడాదికి కనీసం 45 వేలు, అత్యధికంగా లక్షా 60 వేలు పెట్టారు.

అమెరికాలో ఇంత పట్టు లేదు. 2008 నాటి ఉన్నత విద్య చట్టం ప్రకారం ఫీజు శాతం లెక్కన అందరికంటే ఎక్కువ పెరిగిన 5 శాతం కాలేజీల జాబితా విద్యాశాఖ బయటపెడుతుంది, అవి ఏ ఖర్చు వల్ల పెరిగిందో, తగ్గించడానికి ఏం చేస్తాయో రాసివ్వాలి, అంతే.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మి ఫీజు కట్టే ఇంటికి 20 వేల తేడా చాలా పెద్దది. అందుకే అడ్మిషన్ రోజే ఫీజు జీవో కాపీ చూపించమనండి, కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి.