ముందు పేర్లు తేల్చుకో

అమ్మలూ,

మీ టీమ్ మార్క్‌డౌన్ ఫైళ్లన్నిటినీ (చిన్న చిన్న గుర్తులతో రాసే మామూలు టెక్స్ట్ ఫైళ్లు) మీడియావికీలోకి, అంటే వికీపీడియా నడిచే సాఫ్ట్‌వేర్‌లోకి, ఎక్కించే పని నీ మీద పడిందని మీ నాన్న చెప్పాడు. స్క్రిప్ట్ ఎలా నడపాలా అని టెన్షన్ పడుతున్నావట. అది ఒక పూటలో అయిపోతుంది. నువ్వు ఓపిగ్గా కూర్చోవలసింది పేర్ల దగ్గర.

ఇప్పుడు ఆ ఫైళ్లున్న గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్రంతా దాచే టూల్) ఒక్కో ఫోల్డర్‌లో ఒక్కో రీడ్‌మీ, అంటే ఆ ఫోల్డర్ గురించి చెప్పే ఫైలు, ఉంటుంది. ఫోల్డర్లు వేరు కాబట్టి అక్కడ గొడవ లేదు. మీడియావికీతో పాటు వచ్చే ఇంపోర్ట్‌టెక్స్ట్‌ఫైల్స్ స్క్రిప్ట్ మాత్రం ఫోల్డర్‌ను పట్టించుకోదు. ఫైలు పేరు చివరి ఎక్స్‌టెన్షన్ తీసేసి, మిగిలిందే పేజీ పేరుగా పెడుతుంది. రెండో రీడ్‌మీ వచ్చేసరికి ఆ పేరుతో పేజీ ఉంది కదా అని దాటేస్తుంది. ఓవర్‌రైట్ ఆప్షన్ ఇచ్చావంటే మొదటి రీడ్‌మీ స్థానంలో రెండోది కనిపిస్తుంది. ఎవరో కష్టపడి రాసింది అలా కనబడకుండా పోతే నాకు చాలా బాధ.

అందుకని ముందు ఒక షీట్ తెరువు. పాత ఫైలు దారి, కొత్త పేజీ పేరు, దాన్ని ఇకపై చూసుకునే మనిషి: ఈ మూడూ రాయి. పేరు కొత్తగా చేరినవాళ్లు సెర్చ్‌లో కొట్టే మాటల్లో ఉండాలి. ‘నోట్స్ ఫైనల్ 2’ అని ఎవరు వెతుకుతారు? ‘రీఫండ్ ఆగిపోతే ఏం చేయాలి’ అని పెడితే దొరుకుతుంది. హ్యాష్ గుర్తు, చదరపు బ్రాకెట్లు పేజీ పేర్లలో పనికిరావు. మూడో గడి ఖాళీగా మిగిలిన ఫైలును తేవద్దు. చూసుకునేవాళ్లు లేని పేజీ ఆర్నెల్లలో తప్పుదారి పట్టిస్తుంది.

లింకులకూ ఈ షీటే ఆధారం. ఫైళ్లను ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మార్చే టూల్ పాండాక్ మార్క్‌డౌన్ లింకును వికీ లింకుగా మారుస్తుంది గానీ, చివర ఉన్న ‘డాట్ ఎండీ’ అనే ఎక్స్‌టెన్షన్‌ను అలాగే వదిలేస్తుంది. ఆ పేరుతో పేజీ ఉండదు కాబట్టి లింకులన్నీ ఎర్రగా కనిపిస్తాయి. ఎక్కించకముందే షీట్ చూసి చిన్న స్క్రిప్ట్‌తో పాత పేర్ల చోట కొత్తవి పెట్టించు. బొమ్మలు వేరుగా అప్‌లోడ్ చేయాలి. వాటికీ ఫోల్డర్లు ఉండవు, కాబట్టి ‘స్క్రీన్‌షాట్ 1’ లాంటి పేర్లన్నీ మార్చాల్సిందే.

పాండాక్‌కు ఇన్‌పుట్ గిట్‌హబ్ సైట్ వాడే రకం మార్క్‌డౌన్ అని స్పష్టంగా చెప్పు. 2004లో జాన్ గ్రూబర్ విడుదల చేసిన మార్క్‌డౌన్‌లో పట్టికలకు వేరే రాత లేదు, అవి తర్వాత ఎవరికి తోచినట్టు వాళ్లు చేర్చుకున్నవి. రకం తప్పు చెబితే పట్టికలు, టిక్ పెట్టే జాబితాలు చెదిరిపోవచ్చు.

ఇంపోర్ట్‌టెక్స్ట్‌ఫైల్స్‌లో ఫైలు తేదీనే పేజీ తేదీగా వాడే ఆప్షన్ ఒకటుంది. గిట్ నుంచి అప్పుడే క్లోన్ చేసిన (కాపీ తెచ్చుకున్న) ఫైళ్లకు అది వద్దు, అన్నిటికీ క్లోన్ చేసిన రోజే పడుతుంది. అసలు చరిత్ర గిట్‌లోనే ఉంది కాబట్టి రిపోను (ఆ ఫైళ్లున్న గిట్ నిల్వను) చెరిపేయకుండా చదవడానికి మాత్రమే వీలుగా ఉంచండి. లేకపోతే సగంమంది అక్కడ, సగంమంది ఇక్కడ దిద్దుతూ కూర్చుంటారు.

ముందు టెస్ట్ వికీలో, పట్టికలూ కోడూ బొమ్మలూ ఎక్కువున్న పది పేజీలతో చూడు. వాటిని రాయనివాళ్ల చేత చదివించు.

షీట్ తయారవగానే నాకు పంపు. ఆదివారం మధ్యాహ్నం ఖాళీయే, ఇద్దరం కలిసి చూద్దాం.

నీ బాబాయి