బండి డాక్టర్: సిగ్నల్ దగ్గర ఊగుతుంది, హైవే మీద ఉరుకుతుంది

ప్రశ్న: నాది 2005 మోడల్ స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్, 1.8 టర్బో పెట్రోలు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పొద్దున్నే స్టార్ట్ చేస్తే బాగానే ఉంటుంది. వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగితే ఆర్పీఎం ముల్లు 650కి పడిపోతుంది, మళ్లీ 1,000 దాకా లేస్తుంది, ఒక్కోసారి ఇంజన్ ఆగిపోతుంది. కత్తిపూడి దగ్గర హైవే ఎక్కితే మాత్రం పికప్‌కి వంక పెట్టలేం. స్కాన్ చేస్తే పీ1136 కోడ్ వచ్చింది. మెకానిక్ ఆక్సిజన్ సెన్సర్, ప్లగ్గులు, నాలుగు కాయిళ్లు మార్చి, థ్రాటిల్ బాడీ కడిగాడు. 28 వేలు అయ్యాయి. చెక్ లైటు వారం ఆగి మళ్లీ వెలిగింది. ఇప్పుడు ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) పోయిందంటున్నాడు. ఆయన ఇచ్చిన స్కానింగ్ కాగితంలో గ్రూప్ 032 మొదటి గడిలో +8.4 శాతం, రెండో గడిలో +1.2 శాతం అని ఉంది. అన్నట్టు, ఈమధ్య ఆయిల్ స్టిక్ చుట్టూ నూనె తడి కనిపిస్తోంది. దానికీ దీనికీ సంబంధం ఉందా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఉంది. అసలు ఆ చివరి మాటే మీరు మొట్టమొదట రాయాల్సింది.

ముందు ఈసీయూ సంగతి. దాన్ని ముట్టుకోవద్దు, ముట్టుకోనివ్వద్దు. అది తన పని తాను శుభ్రంగా చేస్తోంది. కొలతకు అందని గాలి ఎక్కడి నుంచో లోపలికి వస్తోంది, అందుకే ఐడ్లింగ్‌లో (బండి ఆగి ఇంజన్ తిరుగుతున్నప్పుడు) పెట్రోలు ఎక్కువ పోయాల్సి వస్తోంది అని చెబుతోంది. పీ1136 అంటే అదే. హైవే మీద కూడా మిక్చర్ పల్చగా (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువగా) ఉంటే ఈ బండిలో సాధారణంగా పీ1128 వస్తుంది. మీ మెకానిక్ రెండింటినీ ఒకే గాట కట్టి, ‘లీన్’ (పల్చన) అన్న మాట చూడగానే ఆక్సిజన్ సెన్సర్ మార్చేశాడు. కబురు చెప్పినవాణ్ని కొట్టినట్టుంది.

ఆ రెండు గడుల అంకెలు చూడండి. మొదటిది ఐడ్లింగ్‌లో ఈసీయూ చేసిన పెట్రోలు సవరణ, రెండోది బండి నడుస్తున్నప్పటిది. మీ ఇంజన్ ఐడ్లింగ్‌లో సెకనుకు సుమారు 3 గ్రాముల గాలి పీలుస్తుంది. ఎక్కడో సందులోంచి 0.3 గ్రాములు దొంగగాలి చొరబడిందనుకోండి, అది పదో వంతు. ఇంజన్ ఊగక ఏంచేస్తుంది? అదే హైవే మీద 30 గ్రాములు పీలుస్తున్నప్పుడు ఆ 0.3 లెక్కలోకే రాదు. ఫ్యూయల్ పంపు బలహీనపడినా, లోపలికి వెళ్లే గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సర్ తప్పు చెప్పినా రెండో గడి కూడా పెరగాలి. మీది 1.2 దగ్గరే ఉంది కాబట్టి వాటి జోలికి ఇప్పుడే వెళ్లక్కర్లేదు. పొద్దున చల్లటి ఇంజన్‌కి ఎటూ పెట్రోలు ఎక్కువే పడుతుంది గనక తేడా తెలియదు.

ఇక సందు ఎక్కడన్నది. ఇక్కడే నూనె తడి పనికొస్తుంది. ఇంజన్ కింది భాగంలో చేరే ఆవిర్లు ఐడ్లింగ్‌లో ఒక హోస్ గుండా ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకి (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లోకి) పోతాయి. టర్బో ఊదినప్పుడు ఆ గాలి వెనక్కి ఇంజన్ పొట్టలోకి పోకుండా దారిలో ఒక చెక్ వాల్వ్ ఉంటుంది. ప్లాస్టిక్ వస్తువు, బొటనవేలంత. ఇరవై ఏళ్ల వేడికి అది మూసుకోవడం మానేస్తే, మీరు యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా బూస్ట్ (టర్బో ఊదే గాలి ఒత్తిడి) ఇంజన్ పొట్టలోకి వెళ్లి ఆయిల్ స్టిక్‌ని పైకి తోస్తుంది. నూనె తడి అందువల్లే వస్తోందని నా అనుమానం. ఆయిల్ స్టిక్ దూర్చే ఆరెంజ్ రంగు గరాటు కూడా ప్లాస్టిక్కే. ఈ వయసు బండ్లలో అది బిస్కెట్‌లా విరుగుతుంది. విరిగిన చోటు నుంచి, చీలిన హోసుల నుంచి ఐడ్లింగ్‌లో గాలి లోపలికి లాగుతుంది. ఇదేమీ కంపెనీ లోపం కాదు, రబ్బరుకీ ప్లాస్టిక్‌కీ వయసైపోయింది, అంతే.

మీరే చూసుకోవచ్చు. ఇంజన్ వేడిగా ఐడ్లింగ్‌లో ఉండగా ఆయిల్ మూత తీయండి. అంతా బిగువుగా ఉన్న ఇంజన్ అయితే వెంటనే తడబడాలి. ఏ తేడా లేకపోతే గాలి ముందే వేరే దారిన వస్తోందన్నమాట. తర్వాత ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, ఆరెంజ్ గరాటుని వేలితో మెల్లగా కదిపి చూడండి. మానిఫోల్డ్ కింద ఉన్న హోసులు పైనుంచి కనబడవు. చిన్న అద్దం, టార్చిలైటు పెట్టి, వంపుల దగ్గర నొక్కి చూడండి. నూనె తాగి మెత్తబడిన హోస్ వేళ్ల కింద జావలా నలుగుతుంది, చీలిక లోపలి వంపులోనే దాక్కుంటుంది. చెక్ వాల్వ్ ఊడదీసి నోటితో ఊదండి. మానిఫోల్డ్ వైపు గాలి పోవాలి, ఎదురు వైపు నుంచి చుక్క గాలి కూడా రాకూడదు. బ్రేక్ బూస్టర్ (బ్రేకు తొక్కడం తేలిక చేసేది) హోస్‌ని గుడ్డ చుట్టిన పట్టకారుతో ఒక్క క్షణం నొక్కి, ఐడ్లింగ్ కుదురుకుందేమో కూడా చూడండి. ఇది మాత్రం బండి నిలబెట్టి ఉన్నప్పుడే.

వీటిలో దొరక్కపోతే పొగ పరీక్ష చేసే షెడ్డుకి తీసుకెళ్లండి. ఎయిర్ ఫిల్టర్ వైపు మూసి, తక్కువ ప్రెషర్‌తో పొగ ఎక్కించమనండి. కార్బొరేటర్ స్ప్రే కొట్టి కనిపెడతానని ఎవరైనా అంటే వద్దనండి. మీ బండిలో టర్బో వెనకవైపు విపరీతంగా కాలుతూ ఉంటుంది, తుంపర అటు పడితే మంటలే.

హోస్ మార్చేటప్పుడు రేడియేటర్ హోస్ ముక్క కోసి వేయనివ్వకండి. నూనె ఆవిరికి అది ఉబ్బి, లోపలి పీల్పుకి అతుక్కుపోతుంది. నూనెకు ఆగే రకమే అడగండి. గరాటు, వాల్వ్, హోసులు అన్నీ కలిపి మీరు ఇప్పటికి పెట్టిన దాంట్లో చిన్న భాగమే అవుతుంది. మార్చాక కోడ్ చెరిపి, కొన్నాళ్లు తిప్పి, మళ్లీ 032 గ్రూప్ తీయించండి. మొదటి గడి సున్నాకి అటూ ఇటూ రెండు మూడు శాతంలో నిలబడితే సరి. పాత ఆక్సిజన్ సెన్సర్ ఇంకా షెడ్డులోనే ఉంటే తెచ్చుకుని దాచండి, అది బాగానే ఉండి ఉంటుంది.

ప్రశ్న: టర్బో బండికి ‘ప్‌ష్’ అని శబ్దం వచ్చే వాల్వ్ పెట్టించాను. అప్పటి నుంచి గేర్ వదిలి ఆగేటప్పుడు ఇంజన్ ఆగిపోతోంది. వాల్వ్ నాసిరకందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: నాసిరకం కాకపోవచ్చు. మీ బండికి ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉంటే ఆ వాల్వ్ బయటికి వదిలే గాలి అప్పటికే కొలిచేసిన గాలి. దానికి సరిపడా పెట్రోలు పడుతుంది, గాలేమో రోడ్డు పాలు. అందుకే ఇంజన్ ఉక్కిరిబిక్కిరై ఆగుతుంది. స్ప్రింగ్ మరీ మెత్తనిదైతే ఐడ్లింగ్‌లో తెరుచుకుని దొంగగాలినీ లాగుతుంది. పాత వాల్వ్ తిరిగి బిగించి, గాలిని టర్బో ముందు పైపులోకే పోనివ్వండి. శబ్దం ముచ్చట తీరిందిగా!